డ్యూటీ అప్పగింత

హైమా,
ఆదివారం, సాయంత్రం ఆరుంబావు.
కాంప్లెక్సులో బొబ్బిలి బస్సులాగే చోట
బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.
ధాత్రి పక్కనే ఉంది. మురీ మిక్చర్లో
ఉల్లిపాయ ముక్కలన్నీ ఏరి
నా అరచేతిలో పెడుతోంది.
నువ్వొచ్చేలోగా రాసెయ్యాలి.
ఎదురుపడితే మన మాటలు ఎటు తిరుగుతాయో
నీకూ తెలుసు.

సిగ్నల్ స్టేషన్లో షిఫ్టు మారేటప్పుడు రాస్తాం:
గాలి ఎటు, అల ఎంత,
ఏ ఓడ బయట కాచుకుని ఉంది.
ఆ లెక్కనే ఇది.

మధ్యాహ్నం అన్నం బాగానే తింది.
ఆనపకాయ తోసేసింది.
ఎడమ మోకాలు గీరుకుంది, మా మేడమెట్ల మీద.
నీలం గౌను తడి, విడిగా కవర్లో పెట్టాను.
కుందేలు బొమ్మ బ్యాగులోనే ఉంది.
పోయినసారి దాని కోసం రాత్రి పదకొండింటికి
మద్దిలపాలెం నుంచి మల్కాపురం దాకా వచ్చి
గుమ్మం బయటే నిలబడి అందించి వెళ్ళావు.
అప్పుడు థాంక్స్ చెప్పలేదు.
ఇప్పుడు చెప్తున్నాను.

అసలు సంగతి.
నిన్న రాత్రి లైటు ఆర్పాక అడిగింది:
"నాన్నా, కుక్కర్ విజిల్ నేను పారేసినందుకేనా?"
నాకు వెంటనే అర్థం కాలేదు.
రెండేళ్ళ కిందట, సింకు వెనక దొరికిన విజిల్.
ఆ పొద్దున మనం దేనికి అరుచుకున్నామో
నాకు గుర్తు లేదు. నీకుందా?
దానికి ఉంది.
విజిల్ పోయింది, అన్నం ఉడకలేదు,
అమ్మా నాన్నా రెండిళ్ళయ్యారు.
ఇంత లెక్క ఎవరికీ చూపించకుండా
రెండేళ్ళు మోసింది.

కాదమ్మా, నీ వల్ల కాదు, అన్నాను.
మళ్ళీ అడిగింది. మళ్ళీ అన్నాను.
పొద్దున పాలు తాగుతూ అడిగింది,
కాన్వెంట్ జంక్షన్లో లారీల వెనక
బస్సు ఆగినప్పుడు అడిగింది.
నిన్నూ అడుగుతుంది. ఇదే మాట చెప్పు.
రెండు కథలు వింటే
మూడోది తనే అల్లుకుంటుంది.

ఒకటి ఒప్పుకోవాలి.
వాయుగుండం అనగానే మేం ఎగరేస్తాం,
ఒకటో నంబరు, మూడో నంబరు.
జాలర్లు తెప్పలు పైకి లాక్కుంటారు.
ముఖం తెలీని సముద్రానికంతా ముందే చెప్పేవాణ్ణి
ఇంట్లో ఉన్న మూడడుగుల మనిషికి చెప్పలేదు.
నాన్న డ్యూటీకెళ్ళాడని నువ్వు,
సెలవలకి అమ్మమ్మ దగ్గరికని నేను.

పొద్దున సర్దిచెప్దామని కథ మొదలెట్టాను.
పెద్ద ఓడ రేవులోకి రావాలంటే
ముందొక టగ్గు, వెనకొక టగ్గు,
అవి ఒకదాన్నొకటి ముట్టుకోవు, అయినా...
"నేను ఓడని కాదు," అంది. "నేను చిన్నదాన్ని."
కథ ఆపి జడ వేశాను.
వంకరగా వచ్చింది, చూస్తావుగా.

ఇంకా ఒకటి. ఫీజు సంగతి దానితో చెప్పి పంపకు.
"మీ ఇంటికి ఎవరొస్తున్నారు" అని
నేనూ ఓసారి దాన్నే అడిగాను. సిగ్గుగా ఉంది.
అది మన తపాలా సంచీ కాదు.
ఫీజు కట్టేశాను. రసీదు ముందు అరలో.

మళ్ళీ ఒకే ఇంట్లో ఉంటామా అనీ అడిగింది.
లేదనే చెప్పాను.
ఏడ్చింది. ఐస్‌క్రీమ్ ఆశ పెట్టలేదు ఈసారి,
పక్కన కూర్చున్నాను, అంతే.
కొండ మీద లైటు తిరుగుతుంటే కిటికీలోంచి లెక్కపెట్టింది.
నలభై దాకా వినబడింది.
కోర్టు కాగితంలో శనివారం, ఆదివారం అని ఉంది గానీ
ఇవేవీ లేవు.

నీ స్కూటీ కనబడుతోంది.
లేచి నాలుగడుగులు పరిగెత్తి
ఆగి, వెనక్కి తిరిగి
నా ముఖం చూస్తోంది,
వెళ్తే నాకు కోపమొస్తుందేమోనని.
నవ్వుతున్నాను. చెయ్యి ఊపుతున్నాను.
ఎంత దూరానికైనా కనబడేలా.

గాలి తూర్పు నుంచి. అల మోస్తరు.
కాగితం మడిచి కుందేలు పక్కన పెడుతున్నాను.
రెండో చేతిలో ఉల్లిపాయ ముక్కలు
వెచ్చబడ్డాయి.